తమ్ముడి డిప్రెషన్‌కు బ్రెయిన్ స్కాన్ రీసెర్చ్‌లో చేరమంటున్నారు, చేర్పించాలా వద్దా?

బత్తాయితోట_నల్లగొండ:

అందరికీ నమస్తే. మాది నల్లగొండ దగ్గర పల్లె, నాన్నకు బత్తాయి తోట. నేను పెళ్లయి మిర్యాలగూడలో ఉంటాను. విషయం మా తమ్ముడి గురించి. వాడికి 27. గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతూ హైదరాబాద్ అశోక్‌నగర్‌లో నాలుగేళ్లు రూములో ఉన్నాడు. పోయిన దసరాకు ఇంటికొచ్చినవాడు మళ్లీ పోలేదు. అలిసిపోయాడులే, నాలుగు రోజులు ఉండనీ అనుకున్నాం. తర్వాత అన్నానికి పిలిస్తే రావడం మానేశాడు, తెల్లవారుజామున మూడింటికే లేచి మంచం మీద కూర్చుంటాడు, ఫోన్ కూడా ముట్టడు. ఈ కాలంలో పిల్లవాడు ఫోన్ ముట్టకపోతే భయపడాలని నాకు అప్పుడే తెలిసింది. అమ్మ దిష్టి తీయించింది, అమావాస్యకు చెరువుగట్టు గుడికి తీసుకుపోయి నిద్ర చేయించింది, తాయెత్తు కట్టించింది. ఆమెను తప్పు పట్టను, నేను కూడా వెంట పోయాను.

చివరికి నల్లగొండలో సైకియాట్రిస్ట్‌కు చూపిస్తే డిప్రెషన్ అన్నారు. ఎస్సిటాలోప్రామ్ రాశారు. మూడు వారాలు వేసుకుని, వికారంగా ఉంది, ఏం తేడా లేదని వాడే మానేశాడు. తర్వాత ఇంకో డాక్టర్ సెర్ట్రాలిన్ ఇచ్చారు, అది రెండు నెలలుగా వాడుతున్నాడు, నిద్ర కొంచెం నయం, మిగతాదంతా అట్లనే ఉంది. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక ఆస్పత్రికి తీసుకుపోతున్నాం. అక్కడి డాక్టర్ మందు మార్చి వెన్లాఫాక్సిన్ మొదలుపెడతామన్నారు. ఓపీ బయట కూర్చుంటే పీహెచ్‌డీ చేస్తున్న ఒక అమ్మాయి వచ్చి చాలా మర్యాదగా మాట్లాడింది. మందు మొదలుపెట్టే ముందు ఒకసారి, ఎనిమిది వారాల తర్వాత ఒకసారి మెదడుకు ఫంక్షనల్ ఎంఆర్ఐ తీస్తారట. మొదటి స్కాన్ చూసి ఎవరికి ఏ మందు పని చేస్తుందో ముందే చెప్పగలమా అన్నది ఆమె రీసెర్చ్. ఫ్రీగానే చేస్తారు, బస్సు చార్జీలు ఇస్తారు. తొమ్మిది పేజీల కాగితం ఇచ్చి ఇంట్లో అందరూ చదివి చెప్పండి అంది.

ఇక్కడి నుంచి గొడవ. నాన్న ఏమంటాడంటే, "మిషన్ల పెడితే రోగం యాడుందో కనబడతది, దానికి తగ్గ గోలీ ఇస్తరు, ఇంకేం ఆలోచన?" అని. మా బాబాయి కొడుకేమో ఇంకో ప్రైవేట్ సెంటర్ వీడియో పంపాడు, వాళ్లు బ్రెయిన్ మ్యాపింగ్ చేసి ఏ మందు పడుతుందో రిపోర్ట్ ఇస్తారట, పద్దెనిమిది వేలు. రెండూ ఒకటేనా? స్కాన్‌తో నిజంగా మందు తెలుస్తుందా? తమ్ముడికి ఐదేళ్ల కింద బైక్ యాక్సిడెంట్ అయి కాలి ఎముకలో రాడ్డు వేశారు, దానితో ఎంఆర్ఐ ప్రమాదమా? తెలిసినవాళ్లు చెప్పండి. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

కృష్ణ_ఒడ్డు:

అక్కా ఏమీ అనుకోకు, ఇవన్నీ డబ్బుల కోసం. మా తాతలకు డిప్రెషన్ ఉందా? నాలుగు రోజులు తోటలో పొద్దున్నే నీళ్లు పెట్టించు, గడ్డి కోయించు, అదే పోతుంది. స్కాన్‌లో పెడితే ఉన్న పిల్లవాడు ఇంకా బెదురుతాడు.

కల్వకుర్తి_టీచర్:

మా తాతలకు బీపీ కూడా లేదు, ఎందుకంటే ఎవరూ చూడలేదు. మూడింటికి లేచి కూర్చునే పిల్లవాడిని గడ్డి కోయమంటే కోస్తాడు, కోసి వచ్చి మళ్లీ అదే మంచం మీద కూర్చుంటాడు. నేను రెండేళ్లు అట్లా కూర్చున్నదాన్ని కాబట్టి చెబుతున్నా. అమ్మా, నేను ఇలాంటి స్టడీలోనే పాల్గొన్నాను, రాత్రికి వివరంగా రాస్తాను. స్కూల్లో ఉన్నా ఇప్పుడు.

జడ్చర్ల_జంక్షన్:

అక్కా, నాది పాలమూరు, ఇప్పుడు పీహెచ్‌డీ నాలుగో ఏడాది, సరిగ్గా ఈ పనే చేస్తున్నా, డిప్రెషన్ ఉన్నవాళ్ల మెదడు స్కాన్లు. (మీకు ఓపీలో కలిసిన అమ్మాయి మా ల్యాబ్ కాదు, ముందే చెబుతున్నా.) కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు నాన్నగారి మాట. స్కాన్‌లో రోగం కనబడదు. మామూలు ఎంఆర్ఐలో గడ్డ ఉంటే గడ్డ కనబడుతుంది, రక్తం గడ్డకడితే అది కనబడుతుంది. డిప్రెషన్ అట్లాంటి మచ్చ కాదు. ఫంక్షనల్ ఎంఆర్ఐ చూసేది వేరే సంగతి. మెదడులో ఏ భాగం ఎక్కువ పని చేస్తే అక్కడికి ఆక్సిజన్ ఉన్న రక్తం ఎక్కువగా వస్తుంది, ఆ రక్తం అయస్కాంతానికి స్పందించే తీరులో చిన్న తేడా ఉంటుంది, ఆ తేడానే మేము కొలుస్తాం. దీన్ని 1990లో సెయిజీ ఒగావా బృందం చూపించింది. 1995లో భరత్ బిస్వాల్ అనే మన దేశం మనిషి, అమెరికాలో చదువుకుంటూ, మనిషి ఏ పనీ చేయకుండా ఊరికే పడుకున్నప్పుడు కూడా మెదడులో కదలికలను నడిపే ఎడమ కుడి భాగాలు ఒకే లయలో పైకీ కిందికీ కదులుతాయని చూపించాడు. ఏ భాగం ఏ భాగంతో జత కట్టి నడుస్తోందో చూడడం అక్కడి నుంచే మొదలైంది. స్కాన్‌లో తమ్ముడిని ఊరికే పడుకోబెట్టి తెర మీద ప్లస్ గుర్తు చూడమని చెప్పేది అందుకే.

ఇప్పుడు అసలు ప్రశ్న, మందు తెలుస్తుందా. ఆశ పుట్టించిన పనులు ఉన్నాయి, లేవని చెప్పను. 2013లో అట్లాంటాలో హెలెన్ మేబర్గ్ బృందం, అది పెట్ స్కాన్ (ఇంకో రకం మెదడు స్కాన్), కుడివైపు ముందరి ఇన్సులా అనే భాగం మందకొడిగా ఉన్నవాళ్లకు కౌన్సెలింగ్ థెరపీతో, జోరుగా ఉన్నవాళ్లకు ఎస్సిటాలోప్రామ్‌తో బాగా నయమైందని రాసింది. 2024లో అమెరికా స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు డిప్రెషన్, ఆందోళన ఉన్న 801 మంది స్కాన్లు తీసుకుని, మెదడులో కలిసి పనిచేసే భాగాల జట్లు, అంటే సర్క్యూట్లు, పనిచేసే తీరును బట్టి ఆరు రకాలుగా విడదీశారు. ఒక రకానికి వెన్లాఫాక్సిన్ మిగతావాళ్ల కంటే బాగా పని చేసింది, ఇంకో రకానికి మాటలతో చేసే థెరపీ. మీ తమ్ముడికి రాయబోయే మందు పేరు చూడగానే నాకు ఈ రీసెర్చ్ పేపరే గుర్తొచ్చింది. కానీ ఆగండి. 2017లో ఇట్లాగే నాలుగు రకాలని ఒక పెద్ద పేపర్ వచ్చింది, అందరం చప్పట్లు కొట్టాం, 2019లో నెదర్లాండ్స్ వాళ్లు అదే పద్ధతిని వేరే మనుషుల మీద వేసి చూస్తే ఆ రకాలు నిజంగా ఉన్నాయనడానికి గట్టి ఆధారం దొరకలేదు.

ఎందుకిట్లా అంటే మీ తోటతోనే చెబుతా. మీ తోట కాయలు, పక్కవాళ్ల తోట కాయలు వెయ్యేసి తూకం వేస్తే మీ కాయ సగటున పది గ్రాములు ఎక్కువ తూగిందనుకోండి. నిజమే, లెక్క తప్పు కాదు. కానీ మార్కెట్‌లో ఒక్క బత్తాయి మీ చేతిలో పెట్టి ఇది ఎవరి తోటదో బరువు చూసి చెప్పమంటే? చెప్పలేరు, ఎందుకంటే రెండు తోటల్లోనూ చిన్న కాయలున్నాయి, పెద్ద కాయలున్నాయి. పేపర్లలో వచ్చే తేడాలు చాలావరకు ఈ పది గ్రాముల తేడాలే. డాక్టర్‌కు కావలసింది ఆ ఒక్క కాయ గురించి. మెదడుకూ మనిషి లక్షణాలకూ ఉన్న ఇలాంటి లంకెలు నిలబడాలంటే పదుల మంది చాలరు, వేల మంది కావాలని 2022లో నేచర్ అనే సైన్స్ పత్రికలో వచ్చిన పేపర్ మా అందరి నిద్ర చెడగొట్టింది. ఒక పీహెచ్‌డీలో వేల మందిని ఎవరు స్కాన్ చేస్తారు? నేను జీతం కంటే ఎక్కువ స్కానర్ స్లాట్ల కోసం బతిమాలుతున్నా. ఆ దొరికిన కొద్దిమందిలోనూ తల ఒక్క మిల్లీమీటర్ కూడా కదలకముందే లెక్కలు పాడవడం మొదలవుతుంది, పోయిన నెల ఒక పెద్దాయన పాపం దగ్గు ఆపుకోలేకపోయాడు, ఆయన డేటా మొత్తం పక్కన పెట్టాల్సి వచ్చింది.

అందుకే ఆ ప్రైవేట్ సెంటర్ పద్దెనిమిది వేల రిపోర్ట్ గురించి ఒక్కటే మాట, కట్టకండి. బ్రెయిన్ మ్యాపింగ్ అని వాళ్లు చేసేది సాధారణంగా ఈఈజీ, తల మీద వైర్లు పెట్టి కరెంటు అలలు చూడడం. దాని మీద కూడా మంచి రీసెర్చ్ జరుగుతోంది, కానీ ఈ రంగులు చూసి ఈ గోలీ వేసుకో అని ఒక్క మనిషికి ఖాయంగా చెప్పే స్థితిలో అదీ లేదు, మేమూ లేము.

ఆ అమ్మాయి స్టడీ వేరు. ఆమె తెలుసుకుందామని చేస్తోంది, తెలుసని అమ్మడం లేదు. కాబట్టి చేరితే తమ్ముడికి మందు దొరుకుతుందని చేరకండి, తర్వాత వచ్చేవాళ్లకు ఉపయోగపడవచ్చు అనుకుంటే చేరండి. చేరే ముందు ఆమెను నాలుగు మాటలు అడగండి: స్టడీ కోసం డాక్టర్ ఇచ్చే మందు ఆపడం గానీ ఆలస్యం చేయడం గానీ ఉందా, ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా (రీసెర్చ్‌లో చేరేవాళ్లకు అన్యాయం జరగకుండా చూసే కమిటీ, దాని ఫోన్ నంబర్ కాగితంలో ఉండాలి), స్కాన్‌లో అనుకోకుండా గడ్డ లాంటిది కనిపిస్తే ఎవరు చెబుతారు, మధ్యలో మానుకుంటే వైద్యం మామూలుగానే సాగుతుందా. చివరిదానికి అవునని తప్ప ఇంకో జవాబు ఉండకూడదు. ఇంకోటి, సంతకం పెట్టాల్సింది తమ్ముడు. మీరు, నాన్న కాదు.

రాడ్డు సంగతి: ఎంఆర్ఐలో ఎక్స్‌రే లాంటి రేడియేషన్ లేదు, భయం ముఖ్యంగా ఇనుము లాంటి లోహాలతోనే. ఇప్పుడు ఎముకల్లో వేసే టైటానియం రాడ్లతో మామూలుగా ఇబ్బంది రాదు, అయినా అది ఏ లోహమో ఆపరేషన్ కాగితం చూసి స్కాన్ వాళ్లే తేల్చాలి. దాచిపెట్టి మాత్రం వెళ్లొద్దు. కొన్ని స్టడీల్లో ఒంట్లో లోహం ఉంటే అసలు తీసుకోరు కూడా.

ఎడమకాలువ_డాక్టర్:

పైన స్కాలర్ రాసింది బాగుంది, నేను సైకియాట్రీ చేశాను, రోజూ ఓపీ చూసే మనిషిగా కొన్ని కలుపుతాను. ఇక్కడ రాసింది చదివి మందు మార్చుకోకండి, మీ డాక్టర్‌తో మాట్లాడడానికి పనికొస్తుందని రాస్తున్నా.

మీరు రెండు మందులు పని చేయలేదంటున్నారు. నా లెక్కలో మొదటిది ఫెయిల్ కాలేదు, మొదలే కాలేదు. ఈ మందులు గుణం చూపడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, వికారం మాత్రం మొదటి వారమే వస్తుంది, అంటే కష్టం ముందు, సుఖం తర్వాత. అది ముందే చెప్పకపోతే ఎవరైనా మానేస్తారు, అది పిల్లవాడి తప్పు కాదు, చెప్పాల్సింది డాక్టర్లమైన మేము. రెండోది సెర్ట్రాలిన్, ఎన్ని మిల్లీగ్రాములు? చాలామందికి 50 దగ్గరే ఆగిపోతుంది, అవసరమైతే డాక్టర్లు 200 వరకూ పెంచుతారు. నిద్ర కొంచెం నయం అన్నారు కదా, అంటే కొంత పని చేసిందేమో కూడా. పాత చీటీలన్నీ తారీఖులతో సహా ఒక కవర్లో పెట్టి కొత్త డాక్టర్‌కు చూపించండి. స్కాన్ కంటే ఆ కవర్‌తోనే ఈరోజు ఎక్కువ తెలుస్తుంది.

అమెరికాలో స్టార్ డి అనే పెద్ద స్టడీ జరిగింది, నాలుగు వేల మందికి పైగా చేరారు, 2006లో ఫలితాలు వచ్చాయి. మొదటి మందుతో పూర్తిగా కోలుకున్నది సుమారు మూడో వంతు మందే. ఒకటి పడకపోతే ఇంకోటి అంటూ నాలుగు మెట్లు ఎక్కాక ఎంతమంది కోలుకున్నారన్న లెక్క మీద ఈమధ్య గట్టి వాదాలు నడుస్తున్నాయి, మొదట చెప్పినంత బాగా లేదని 2023లో మళ్లీ లెక్క కట్టినవాళ్లు అన్నారు. ఎందుకు చెబుతున్నానంటే, మొదటి మందు పడకపోవడం వింత కాదు, వాడికి ఏ మందూ పడదని కాదు. ఒకటి వేసి చూసి, ఇంకోటి వేసి చూసే ఈ పద్ధతి నాకూ చికాకే. ఆ చికాకు లేకపోతే ఆ పీహెచ్‌డీ అమ్మాయికి పనే లేదు.

కొత్త డాక్టర్ అడిగారో లేదో గానీ మీరే చెప్పండి: ఎప్పుడైనా వారం పది రోజులు నిద్ర లేకపోయినా అలసట లేకుండా, విపరీతమైన హుషారుతో, డబ్బులు ఇష్టమొచ్చినట్టు ఖర్చు పెట్టి, గడగడా మాట్లాడిన రోజులు ఉన్నాయా? ఉంటే అది బైపోలార్ కావచ్చు, దానికి వైద్యమే వేరు. థైరాయిడ్ టెస్ట్ చేయించారా? మందు అలవాటు, అదే తాగుడు, ఉందా? వెన్లాఫాక్సిన్ మొదలుపెడితే బీపీ చూపించుకుంటూ ఉండాలి, ఒక్కసారిగా మానేస్తే తల తిరగడం, చిరాకు గట్టిగా వస్తాయి, కాబట్టి ఎస్సిటాలోప్రామ్ మానేసినట్టు మానేయొద్దు.

స్కాన్ చూసి చికిత్స చేసేది అసలు లేదా అంటే ఒకచోట ఉంది. టీఎంఎస్ అని, తల మీద అయస్కాంతపు కాయిల్ పెట్టి పల్స్‌లు ఇస్తారు, మందులు పని చేయనివాళ్లకు. స్టాన్‌ఫర్డ్ పద్ధతిలో ఎవరి స్కాన్‌ను బట్టి వాళ్లకు కాయిల్ ఎక్కడ పెట్టాలో చూసి, రోజుకు పది సార్లు, ఐదు రోజులు ఇస్తారు. 2022లో అమెరికాలో మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ దానికి అనుమతి ఇచ్చింది. కానీ 2024లో బ్రిటన్‌లో 255 మంది మీద, స్కాన్‌తో ఏ భాగం ఏ భాగంతో ముడిపడి ఉందో చూసి కాయిల్ పెడితే మేలా, ఆ లెక్క లేకుండా మామూలుగా ఇస్తే మేలా అని పోల్చారు. రెండు వర్గాలూ బాగుపడ్డాయి, తేడా మాత్రం రాలేదు.

ఇంకొక్కటి, సూటిగా అంటున్నందుకు క్షమించండి. తోట ఉంది అంటే పురుగుల మందు డబ్బాలుంటాయి. తమ్ముడు తేరుకునేదాకా ఇంట్లో ఉంచకండి, వేరేవాళ్ల ఇంట్లోనో తాళం వేసిన గదిలోనో పెట్టించండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని వాడిని నేరుగా అడగండి, అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. అలాంటి మాట వస్తే ఒంటరిగా వదలకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకుపోండి. రాత్రిపూట ఏ అవసరమొచ్చినా 14416, టెలీ మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు.

కల్వకుర్తి_టీచర్:

చెప్పినట్టే రాస్తున్నా. నాకు రెండో కాన్పు తర్వాత డిప్రెషన్ వచ్చింది, నయమైన రెండేళ్లకు ఒక స్టడీలో చేరాను. స్కాన్ అంటే ఏంటో ఎవరూ మామూలు మాటల్లో చెప్పరు కాబట్టి నేను చెబుతా. ముందు ఒంటి మీద ఉన్న లోహమంతా తీయమంటారు, పుస్తెలు, మెట్టెలు, పిన్నులు, జాకెట్ హుక్కులు కూడా, వాళ్లే గౌను ఇస్తారు. మా అత్తమ్మ పుస్తెలు తీయడమేంటని పెద్ద గొడవ పెట్టింది, చివరికి పసుపు కొమ్ము దారానికి కట్టి మెడలో వేసి పంపింది. తమ్ముడి తాయెత్తు, మొలతాడుకు బిళ్ల ఉంటే అదీ తీయాల్సిందే, ఇంట్లోనే అమ్మకు చెప్పి పెట్టుకోండి, అక్కడ తలుపు దగ్గర గొడవ బాగుండదు.

తర్వాత సొరంగం లాంటి దాంట్లోకి జరుపుతారు. చప్పుడు ఎట్లుంటదంటే మన దగ్గర బోరు వేసే బండి పక్కన పడుకున్నట్టే. చెవుల్లో దూది లాంటివి పెడతారు, అయినా వినబడుతుంది. చేతిలో ఒక బల్బు ఇస్తారు, భయమేస్తే నొక్కితే బయటికి తీస్తారు. నేను మొదటిసారి నొక్కేశాను, ఎవరూ ఏమీ అనలేదు, పది నిమిషాలు కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి మళ్లీ వెళతారా అని అడిగారు. లోపల కాసేపు ప్లస్ గుర్తు చూడమన్నారు, కాసేపు ఏడుస్తున్నవి, కోపంగా ఉన్నవి మొహాలు చూపించి బటన్ నొక్కమన్నారు. ఆ మొహాలన్నీ తెల్లవాళ్లవే. మన ఏడుపు మొహం వేరే ఉంటదమ్మా అని ఆ పిల్లకు చెబితే నవ్వి పుస్తకంలో రాసుకుంది.

రిపోర్ట్ ఏమీ ఇవ్వలేదు. మీకు ఇంత శాతం ఇది, ఇంత శాతం అది అని ఏదో చెబుతారని నేను ఎదురుచూశాను, ఆ విషయంలో కొంచెం నిరాశ పడ్డ మాట నిజం. కానీ ఇంటికొచ్చాక ఆలోచిస్తే, ముప్పావు గంట ఎవరూ నన్ను "ధైర్యంగా ఉండు" అనలేదు, నా జబ్బును జబ్బులాగే చూశారు, అది బాగనిపించింది.

జడ్చర్ల_జంక్షన్:

టీచర్ గారూ, మొహాల మాట నిజం, మేము కూడా అదే తెల్ల మొహాల సెట్ వాడుతున్నాం, అందరూ వాడేది వాడకపోతే పోల్చడం కుదరదని మా గైడ్ అంటారు. మీరు అన్న మాట వచ్చే మీటింగ్‌లో పెడతా.

బత్తాయితోట_నల్లగొండ:

అందరికీ చాలా థ్యాంక్స్. వారం అయింది, ఏమైందో చెబుతా.

డాక్టర్ గారూ, మీరు అడగమన్న మాట అడిగాను. అడగడానికి రెండు రోజులు పట్టింది నాకు. వాడు కాసేపు ఊరుకుని, "జనవరిలో అనిపించేది, ఇప్పుడు లేదు" అన్నాడు. నేను బయటికి పోయి ఏడ్చి వచ్చాను. పురుగుల మందు డబ్బాలు ఆ సాయంత్రమే పెద్దనాన్న వాళ్లింటికి పంపించాం. సెర్ట్రాలిన్ 50 మీదే ఉన్నాడట, పెంచలేదు. చీటీలన్నీ కవర్లో పెట్టి చూపిస్తే ఈ డాక్టర్ గారు తారీఖులు చూసి చాలాసేపు మాట్లాడారు, వెన్లాఫాక్సిన్ సంగతి మళ్లీ ఆలోచిద్దాం అన్నారు, ముందు ఉన్న మందే పెంచి చూస్తారట. థైరాయిడ్ టెస్ట్ రాశారు.

పీహెచ్‌డీ అమ్మాయిని నాలుగు మాటలూ అడిగాను. మందు ఆపడం లేదు, కమిటీ నంబర్ ఏడో పేజీలో ఉంది, ఏదైనా కనిపిస్తే రేడియాలజీ డాక్టర్ చూసి చెబుతారు, ఎప్పుడైనా మానుకోవచ్చు. మందు మారకపోతే మా వాడు ఆమె స్టడీకి సరిపోతాడో లేదో గైడ్‌ను అడిగి చెబుతానంది, అది దాచకుండా చెప్పడం నచ్చింది. నాన్నకు బత్తాయిల లెక్క చెప్పాను. మొత్తం విని, "మరి మన కాయ కాదని ఎట్ల జెప్తరు" అని ఒక్కటే అడిగాడు, నాకు జవాబు రాలేదు.

తమ్ముడు కాగితం తొమ్మిది పేజీలూ చదివాడు. ఆర్నెల్లలో వాడు ఏదైనా పూర్తిగా చదవడం ఇదే. తీసుకుంటే పోతానన్నాడు, కానీ వాడి మెదడు ఫొటో వాడికి ఇస్తారా అని అడగమన్నాడు. రాడ్డు ఆపరేషన్ కాగితం ఇనుప పెట్టెలో దొరికింది, ఇక్కడ ఫొటో పెట్టనా?

జడ్చర్ల_జంక్షన్:

వద్దక్కా, దాని మీద పేరు, ఆస్పత్రి నంబర్ అన్నీ ఉంటాయి, ఆ అమ్మాయికే నేరుగా పంపండి. నాన్నగారి ప్రశ్నకు నా దగ్గర కూడా జవాబు లేదు. ఫొటో చాలామంది అడిగితే ఇస్తారు, మేమైతే సీడీలో వేసి ఇస్తాం. కొందరు డీపీ పెట్టుకుంటారు.

కల్వకుర్తి_టీచర్:

స్కాన్ గదిలో ఏసీ చలి బాగా ఉంటుంది, దుప్పటి అడిగితే ఇస్తారు, అడగమని చెప్పు. తాయెత్తు సంగతి ఏం చేశారు?

బత్తాయితోట_నల్లగొండ:

అమ్మ వెంట వస్తుందట. వాడు లోపల ఉన్నంతసేపు గుప్పిట్లో పట్టుకుని బయట కూర్చుంటానంది.